మూడు కంప్యూటర్ల సాక్ష్యం

నాకు అనుమానం ఎక్కువని మా ఆవిడ సుబ్బలక్ష్మి అంటుంది. అనుమానం కాదు, జాగ్రత్త అంటాను నేను. ముప్పై ఏళ్ళుగా కొల్లేరు అంచున చేపల చెరువులు చేస్తున్నవాడికి ఆ మాత్రం జాగ్రత్త లేకపోతే ఒంటి మీద చొక్కా కూడా మిగలదు. చేపలు పట్టే పట్టుబడి రోజున ఒకే ట్రేని మూడు కాటాల మీద పెట్టించి తూయిస్తాను. ఒక కాటా కొనేవాడిది, ఒకటి నాది, మూడోది భీమడోలు నుంచి అద్దెకు తెప్పించింది. మూడూ ఒక్క మాట మీద ఉంటేనే చేపను లారీ ఎక్కనిస్తాను. నా వెనకాల అందరూ నన్ను మూడు కాటాల బుచ్చిబాబు అంటారని నాకు తెలుసు. అననీ. అన్నవాళ్ళలో ఒక్కడు కూడా ఇంతవరకు నన్ను తూకంలో ముంచలేకపోయాడు.

మా ఇల్లు ఏలూరులో. చెరువులు దెందులూరు దాటి లోపలికి వెళ్ళాక ఉంటాయి. రోడ్డు పక్కనే చిన్న చెరువు, అందులో పిల్ల చేపను పెంచుతాను. అక్కణ్ణుంచి గట్టు మీద కిలోమీటరు లోపలికి పోతే పెద్ద చెరువు, పన్నెండెకరాలు. శీలావతి, బొచ్చె చేపలు, మా బతుకంతా అందులోనే ఉంది. పెద్ద చెరువు గట్టు మీది మకాంలో బంగార్రాజు, వాడి భార్య రూతమ్మ ఉంటారు. పద్నాలుగేళ్ళుగా మేత వేసేదీ, కాపలా కాసేదీ వాళ్ళే.

రెండు చెరువుల్లోనూ ఏరియేటర్లున్నాయి. నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు. రాత్రి తిరగాలి, పొద్దెక్కాక ఆపుకోవచ్చు. కానీ ముసురు పట్టిన రోజున ఆపకూడదు. ఎండ లేకపోతే నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోతుంది, చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది, గంటా గంటన్నరలో అంతా అయిపోతుంది. చిన్న చెరువుకి ఆ బెంగ లేదు, అందులో చేప పలచన. పెద్ద చెరువువి బంగార్రాజు మకాంలో ఉన్న స్విచ్చుల పెట్టె దగ్గర చేత్తో వేస్తాడు, చేత్తో ఆపుతాడు. నా జేబులో మాత్రం నాలుగు బటన్ల రిమోటు ఒకటుంటుంది. మొదటి రెండూ పెద్ద చెరువువి, తర్వాతి రెండూ చిన్న చెరువువి; వేయడానికొకటి, ఆపడానికొకటి. రెండు కిలోమీటర్ల దాకా అందుతుంది. దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోరు, మా ఆవిడ కూడా.

శ్రావణంలో నాలుగు రోజులు ముసురు వదల్లేదు. మొదటి రెండు రోజులూ నేను ఇల్లు కదల్లేదు. మూడో రోజు పొద్దున్న నేను రోజూలాగే బండి మీద వచ్చి, చిన్న చెరువు చూసుకుని, సెంటర్లో టీ తాగి, పేపరు తిరగేసి, పెద్ద చెరువుకు వెళ్ళేసరికి ఎనిమిదిన్నర. చక్రాల చప్పుడు లేదు. చెరువు నిండా చేప తలలే. పరుగెత్తి పెట్టె దగ్గరకి పోయాను. కరెంటు ఉంది, ఎర్ర దీపం వెలుగుతోంది, ఎవరో ఆపారు. వెంటనే మళ్ళీ వేశాను, కానీ అవొక్కటే చాలేట్టు లేవు. బంగార్రాజు లేడు. పుట్టింటి నుంచి వస్తున్న రూతమ్మను తీసుకురావడానికి భీమడోలు వెళ్ళాడట. పక్క చెరువు బుల్లిరాజు తన ట్రాక్టరు తెచ్చి, దానికి ఏరియేటరు తగిలించి తిప్పాడు. అయినా నాలుగు టన్నుల చేప పోయింది. మధ్యాహ్నం దాకా చచ్చిన చేపను ట్రేలకెత్తుతూనే ఉన్నాం.

"నేను ఆరింటికి వెళ్ళేటప్పటికి తిరుగుతూనే ఉన్నాయండి" అన్నాడు బంగార్రాజు.

తిరిగేవి వాటంతటవి ఆగుతాయా? ఆ తర్వాత మబ్బు పట్టిన పొద్దు ఇంకో రెండుసార్లు అలాగే జరిగింది. నేను వెళ్ళేసరికి వాడు పెట్టె దగ్గర నిలబడి ఉంటాడు. "ఇందాకే ఆగిపోయాయండి, మళ్ళీ వేశాను."

"సరిగ్గా నేను వచ్చే ముందే ఎందుకాగుతాయి?"

"అదే అంతుబట్టడం లేదండి. మీరు రాని రోజున నిక్షేపంలా తిరుగుతాయండి."

ఆ మాటకి నా ఒళ్ళు మండింది. నేను రావడమే తప్పన్నట్టు మాట్లాడతాడేమిటి? అప్పటి నుంచి వాడి మీద కన్నేశాను. బుల్లిరాజు రెండేళ్ళుగా నా పెద్ద చెరువును లీజుకిమ్మని అడుగుతున్నాడు. నేను ఇవ్వనన్నాను. ఇప్పుడు నాలుగు టన్నులు పోయాక మళ్ళీ వచ్చి, "మీరు ఏలూరు నుంచి రోజూ తిరగలేరు బుచ్చిబాబుగారూ" అన్నాడు. ఆ రోజు ట్రాక్టరు అంత త్వరగా ఎలా వచ్చింది? ముందే సిద్ధంగా పెట్టుకున్నాడా? సాయంత్రాలు గట్టు మీద బంగార్రాజూ వాడూ ఏం మాట్లాడుకుంటారు? ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే అంతా తేటతెల్లంగా కనిపించింది. ఇద్దరూ కలిసి నన్ను దివాళా తీయించి, నా చేత లీజు కాగితం రాయించుకోవాలని చూస్తున్నారు. రుజువు ఒక్కటే లేదు.

ఆదివారం నా మేనకోడలు ఇందుజ వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూస్తుంది. మాట పదును. మా ఆవిడ అంతా చెప్పింది. ఇందుజ విని, సంచిలోంచి వేలెడంత పుల్ల ఒకటి తీసింది. చూడ్డానికి పెన్ డ్రైవులా ఉంది, వెనక తీగ, తీగ చివర చిన్న యాంటెన్నా.

"ఇది రేడియో మావయ్యా. స్టేషను తిప్పుకునే చక్రం ఉండదు. గాల్లో ఉన్నదాన్ని పట్టి కంప్యూటరుకిస్తుందంతే. చూపించడం, వినిపించడం, అర్థం చెప్పడం అన్నీ కంప్యూటర్లో ప్రోగ్రామే చేస్తుంది. మీ రిమోటు నుంచి వెళ్ళేది కూడా రేడియో సిగ్నలే. ఎవరు నొక్కినా ఇందులో గీత పడుతుంది."

"ఎవరు నొక్కారో చెబుతుందా?"

"పేరు చెప్పదు. ఏ కోడు వచ్చిందో, ఎన్నింటికి వచ్చిందో చెబుతుంది."

"మన సంగతులు ఇంకెవరికైనా చేరేస్తుందా?"

"ఇది వింటుందే గానీ మాట్లాడదు. ఆ విషయంలో మీకంటే నయం" అంది. మా ఆవిడ నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి పోయింది.

ముందు నా లాప్‌టాప్‌లో పెట్టాం. అది విండోస్. ప్రోగ్రాము దించుకుని తెరవబోతే నీలం రంగు పలక ఒకటి అడ్డం వచ్చింది. ఎవరు చేశారో తెలియని ప్రోగ్రాము, దీనివల్ల ముప్పు రావచ్చు అని. నేను చెప్పాను కదా అన్నట్టు ఇందుజ వైపు చూశాను. ఆ పిల్ల పట్టించుకోకుండా దాటేసింది. తర్వాత డ్రైవరు మార్చాలంది. ఈ పుల్లను టీవీ చూసుకోవడానికి తయారుచేశారట, విండోస్ కూడా దాన్ని టీవీ పుల్లే అనుకుంటుందట, ఆ డ్రైవరు తీసి రేడియోకి పనికొచ్చేది పెడితే గానీ మన ప్రోగ్రాముకు లొంగదట. దానికో చిన్న ప్రోగ్రాము. అందులో కంప్యూటరుకు తగిలించిన పరికరాల పేర్లన్నీ వరసగా వచ్చాయి.

"కాఫీ కలుపుకొస్తాను, దేన్నీ ముట్టుకోకండి" అని లేచింది.

నేను జాబితా చదివాను. ఒక్క పేరూ తెలిసిందిలా లేదు. అందులో ఒకటి మరీ దొంగపేరులా కనిపించింది. నా కంప్యూటర్లో ఇది ఎందుకుందో అని దాని మీద పెట్టి, కింద ఉన్న పెద్ద బటను నొక్కాను. తెర మీద బాణం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఇందుజ వచ్చి చూసి కాఫీ గ్లాసు కింద పెట్టింది. "మౌసు డ్రైవరు పీకేశారు మావయ్యా. నమ్మకపోతే నమ్మకపోయారు, చేతులు ఊరికే ఉంచుకోవచ్చు కదా."

కీబోర్డుతోనే తంటాలు పడి మౌసును బతికించడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత సరైన పేరు ఎంచి డ్రైవరు మార్చింది. ప్రోగ్రాము తెరిస్తే తెర మీద రంగులు పైనుంచి కిందికి జారుతున్నాయి. విజయవాడ ఎఫ్‌ఎం పాట గదంతా వినిపించింది. మా ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే వచ్చి నిలబడింది.

"ఇప్పుడు మీ రిమోటు నొక్కండి, కోడ్లు రాసుకుంటాను" అంది ఇందుజ.

మొదటి బటను నొక్కాను. గీత పడింది. రెండోది నొక్కాను. ఇంకో గీత. ఒక్కోదాని కింద అంకెలు వచ్చాయి, రాసుకుంది.

"మిగతా రెండూ?"

"అవి చిన్న చెరువువి. వాటికీ దీనికీ సంబంధం లేదు."

"అయినా నొక్కండి, పోల్చుకోవడానికి ఉంటాయి."

"కోడ్లన్నీ ఒకే చోట ఉండటం మంచిది కాదమ్మా" అని రిమోటు జేబులో పెట్టుకున్నాను. ఇందుజ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, కాఫీ తీసుకుంది. బాధపడిందని తెలుసు. అయినా జేబులోంచి తీయలేదు.

ఆ పిల్ల కాలేజీకి సెలవు పెట్టి మా ఇంట్లోనే ఉంది. మర్నాడు మబ్బు పట్టింది. తెల్లారగానే ఆటో మాట్లాడుకుని, లాప్‌టాప్ తీసుకుని మకాంకి వెళ్ళింది. వాతావరణం కొలిచే యంత్రమని బంగార్రాజుకు చెప్పమన్నాను. నేను ముందే పోతే దొంగ జాగ్రత్త పడతాడని రోజూ వెళ్ళే వేళకే బయల్దేరాను. చిన్న చెరువు దగ్గర ఆగి, నీళ్ళు చూసి, దాని ఏరియేటర్లు ఆపి, టీకి కూడా ఆగకుండా పెద్ద చెరువుకు పోయాను.

"ఏడూ ఎనిమిదికి ఆగాయి మావయ్యా" అంది ఇందుజ. "గీత పడింది. మీరు చూపించిన రెండు కోడ్లూ కాదు. వేరే కోడు."

"నే చెప్పలేదూ? దొంగ రిమోటు ఉంది."

"బంగార్రాజు నా కళ్ళెదుటే ఉన్నాడు. పడవలో నిలబడి మేతకని తవుడు బస్తాలు చెరువులో పాతిన కర్రలకి కడుతున్నాడు. రెండు చేతులూ బస్తాలోనే ఉన్నాయి. చక్రాలు ఆగగానే నాకంటే ముందు వాడే కంగారుపడి ఒడ్డుకొచ్చి మళ్ళీ వేశాడు."

"అయితే నొక్కింది బుల్లిరాజు. వీడు కోడు అందించాడు. పెట్టె వీడి చేతిలో ఉంటుంది కదా, వాడి రిమోటు గుర్తుపట్టేట్టు దానికి నేర్పించి ఉంటాడు."

నా గొంతు నాకే ఎక్కువగా వినిపించింది. బంగార్రాజు తడి చేతులతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, అంతా విన్నాడు. వాణ్ణి చూస్తే కోపం ఇంకా ఎక్కింది. "సామాను సర్దుకో. నా ఉప్పు తిని వాడికి చెరువప్పగిస్తావా? ఇవాళే వెళ్ళిపో" అన్నాను.

"పద్నాలుగేళ్ళండి" అన్నాడు, అంతే. రూతమ్మ పొయ్యి ఆర్పి, ఉడికీ ఉడకని అన్నం గిన్నెతో సహా ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరిగేదాకా ఇందుజ గుమ్మంలోనే నిలబడి చూసింది. తర్వాత అంది, "బొచ్చె చేపను తూయడానికి మూడు కాటాలు పెడతారు. మనిషికి ఒక్కటి చాలిందా మావయ్యా?"

నాకు చురుక్కుమంది. "సరే, పెట్టు. ఇంకో రెండు కంప్యూటర్లు పెట్టు. మూడూ అదే చెబితే అప్పుడేమంటావో చూస్తాను" అన్నాను.

సాయంత్రానికల్లా గూడెం వెళ్ళి ల్యాబులోంచి ఇంకో రెండు పుల్లలు, తన లాప్‌టాప్ తెచ్చింది. తనది లైనక్స్. నల్లటి తెర తెరిచి ఒక్క వరస టైపు చేసింది, ప్రోగ్రాము దానంతటదే వచ్చి కూర్చుంది. ఇంత సులువుగా ఏదైనా వస్తే నేను నమ్మను. నమ్మకపోవడమే మంచిదైంది, పుల్ల గుచ్చి తెరిస్తే పరికరం ఖాళీ లేదంది. ఇక్కడా అదే జబ్బు, లైనక్స్ పుల్లను చూడగానే టీవీ అనుకుని తనే పట్టేసుకుంటుందట. ఇందుజ ఒక జాబితా తెరిచి, ఆ టీవీ డ్రైవరు పేరు అందులో రాసి, పుల్ల పీకి మళ్ళీ పెట్టింది. ఆ జాబితాలో పేరున్నవాళ్ళను లోపలికి రానివ్వరట. అలాంటి జాబితా ఒకటి మనుషులక్కూడా ఉంటే బాగుండేదని ఆ పూట మనస్ఫూర్తిగా అనుకున్నాను.

మూడోది మాక్. పక్కింటి ఉమామహేశ్వరరావు మాస్టారి అమ్మాయి మేధది. ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది. సెలవు రోజులు నాలుగున్నాయని, నూటొక్క జాగ్రత్తలు చెప్పి ఇచ్చింది. దానికి డ్రైవరు గొడవ లేదు. కానీ ప్రోగ్రాము తెరవబోతే ఎవరు చేశారో నిర్ధారణ కాలేదు, తెరవనని మొండికేసింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే మాట.

"ఈ యంత్రం నాకు నచ్చింది. నా స్వభావమే" అన్నాను.

ఇందుజ సెట్టింగుల్లోకి వెళ్ళి వెతికి ఏదో నొక్కింది, ప్రోగ్రాము తెరుచుకుంది. "నిజమే. కానీ దీనికి చివర్లో 'అయినా తెరువు' అనే బటను ఒకటుంది. మీకు అదొక్కటే తక్కువ" అంది.

"మూడింట్లోనూ ఒకే ప్రోగ్రామైతే ఒకే అబద్ధం చెబుతాయి కదా?"

"మూడూ వేరు. చేసినవాళ్ళు కూడా వేరు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసి ఉండరు. చాలా?"

భోజనాల బల్ల మీద మూడూ వరసగా పెట్టి మొదటి బటను నొక్కించింది. మూడు తెరల మీదా ఒకేసారి గీత పడింది, ఒకటే అంకెలు. పట్టుబడి రోజున కాటాలు కలిసినప్పటి నిబ్బరం కలిగింది నాకు. ఇంక దొంగ ఎక్కడికీ పోలేడు.

మూడు రోజులు ఎండ కాసింది. కొత్త మనిషి దొరకలేదు, మేతా కాపలా నేనే చూసుకున్నాను. తవుడు బస్తాలు కట్టి కట్టి నడుం పట్టేసింది. బుల్లిరాజు గట్టు మీద నుంచి, "మా మనిషిని పంపమంటారా అండి?" అని అడిగాడు. వద్దన్నాను. పంపిస్తాడు, ఎందుకు పంపించడు?

నాలుగో రోజు మబ్బు కమ్మింది. ఇందుజ చెప్పినట్టే ఎవరి చోట వాళ్ళున్నాం. ఏ కంప్యూటరుకు సిగ్నలు గట్టిగా వస్తే నొక్కినవాడు దానికి దగ్గరగా ఉన్నట్టు లెక్క. విండోస్ కంప్యూటరును బుల్లిరాజు చెరువు వైపు గట్టు మీద ఖాళీ మేత బస్తాలో దాచి, వాన తగలకుండా పైన బరకం కప్పాం. లైనక్స్‌ది పెద్ద చెరువు మకాంలో, దాని ముందు మా ఆవిడ. చక్రాలు ఆగితే నాకు ఫోను చేసి వెంటనే మళ్ళీ వెయ్యాలి. మాక్ పట్టుకుని ఇందుజ చిన్న చెరువు పాకలో కూర్చుంది, రోడ్డు మీద నుంచి ఎవరైనా నొక్కుతున్నారేమో చూడటానికి. నేను మాత్రం ఏలూరు నుంచి రోజూలాగే రావాలన్నాను. దొంగకి తేడా తెలియకూడదు.

ఏడింటికి చిన్న చెరువు దగ్గర బండి ఆపాను. నీళ్ళు చూశాను. పిల్ల చేప హుషారుగా ఉంది. రిమోటు తీసి దాని ఏరియేటర్లు ఆపాను. పాకలోకి అడుగు పెట్టానో లేదో ఫోను మోగింది.

"ఏవండీ, ఆగిపోయాయి" అంది మా ఆవిడ. "ఇప్పుడే. నా కళ్ళ ముందే."

"పద, బుల్లిరాజు గట్టుకి పోదాం. చేతిలో రిమోటుతో సహా దొరుకుతాడు" అన్నాను ఇందుజతో.

ఇందుజ లేవలేదు. తెర వైపే చూస్తోంది. "మావయ్యా, ఇప్పుడు మీరేం చేశారు?"

"ఏం చేశాను? చిన్న చెరువువి ఆపాను."

మాక్ నా వైపు తిప్పింది. తెర పైనుంచి కింద దాకా ఇంత లావు గీత. అంత గట్టి గీత ఇంతవరకు ఏ తెర మీదా చూడలేదు. కింద ఉన్న అంకెలు ఆ రోజు పడిన దొంగ కోడువే.

"అత్తయ్యతో మళ్ళీ వెయ్యమనండి" అంది. వేసింది. "ఇప్పుడు మళ్ళీ నొక్కండి."

నాలుగో బటను నొక్కాను. గీత పడింది. "ఏవండీ, మళ్ళీ ఆగిపోయాయి" అంది ఫోనులో మా ఆవిడ. మళ్ళీ వేయించాను, మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆగాయి. ఐదుసార్లు నొక్కాను. ఆరోసారి మా ఆవిడ, "ఆపండింక, చేప బెదిరిపోతోంది" అంది.

అయినా నా బుద్ధి పోలేదు. మిగతా రెండూ చూడాలన్నాను. లైనక్స్‌లో అదే కోడు, అవే సెకన్లు. బరకం కింది విండోస్‌లో కూడా అవే గీతలు, కాకపోతే సన్నగా, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు. బుల్లిరాజు వైపు నుంచి ఒక్క గీత కూడా లేదు. ఆ వేళకి ఆయన గట్టు మీద వేపపుల్ల నములుతూ, మేము బస్తాలోంచి కంప్యూటరు తీయడం వింతగా చూస్తున్నాడు.

అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు. గట్టు మీదే చతికిలబడ్డాను.

అప్పుడు గుర్తొచ్చింది. వైశాఖంలో రిమోటు రిపేరుకు వచ్చిన మెకానిక్కు కోడ్లు దాచుకుని ఉంటాడని నాకు అనుమానం వచ్చింది. పాత కోడ్లన్నీ చెరిపి, కొత్త రిమోటు కొని, ఫోనులో వీడియో చూసి పెట్టెలకు నేనే నేర్పించాను. బంగార్రాజు చూస్తాడని వాణ్ణి సున్నం బస్తాలకు ఏలూరు పంపాను. చిన్న చెరువు పెట్టెను కూడా విప్పి మకాంకి తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి, వాడు తిరిగొచ్చేలోపు అయిపోవాలని గబగబా నొక్కుకుంటూ పోయాను. నేర్పడం అయ్యాక కూడా ఆ పెట్టె కాసేపు వింటూనే ఉంటుందట. ఇందుజ ఇప్పుడు చెప్పింది. పెద్ద పెట్టెకు ఆపే బటను నేర్పిన వెంటనే నేను చిన్న పెట్టెకు నాలుగో బటను నేర్పుతుంటే, పక్కనున్న పెద్ద పెట్టె దాన్ని కూడా తనను ఆపే బటనుగానే నేర్చేసుకుంది. ఎండ ఉన్న రోజుల్లో నేను వచ్చేసరికే బంగార్రాజు చక్రాలు ఆపేసి ఉంటాడు కనక తేడా తెలియలేదు. ముసురు రోజున వాడు తిరగనిస్తే, నేను రోడ్డు మీద నిలబడి నొక్కి ఆపేసి, టీ తాగడానికి పోయాను. నాలుగు టన్నుల చేపనూ చంపింది నా బొటనవేలు. మొదట్లోనే నాలుగు బటన్లూ ఇందుజకు చూపించి ఉంటే బంగార్రాజు మకాంలోనే ఉండేవాడు. నా మీద నాకే అసహ్యమేసింది.

"లేవండి, వెళ్ళి వాళ్ళను తీసుకురండి" అంది మా ఆవిడ. తిట్టి ఉంటే బాగుండేది.

భీమడోలులో రైలు గేటు పక్క సందులో రూతమ్మ చెల్లెలిల్లు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను, ఇందుజ వెనక కూర్చుంది. నన్ను చూడగానే బంగార్రాజు లేచి లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. ఆ మర్యాదకి తల కొట్టేసినట్టయింది. కూడబలుక్కున్నదంతా మరిచిపోయాను.

"చక్రాలు ఆపింది నేనే బంగార్రాజూ. తెలియక ఆపాను, కానీ నేనే. నీ తప్పు గోరంత లేదు. వచ్చెయ్యండి" అన్నాను.

గుమ్మంలో ఉన్న రూతమ్మ, "అన్నం ఉడికేదాకా కూడా ఉండనివ్వలేదండి మీరు" అంది.

గేటు దగ్గర గూడ్సు బండి వచ్చి, డబ్బాలన్నీ దాటిపోయేదాకా బంగార్రాజు నిలబడే ఉన్నాడు.

"వస్తానండి. ఆ చెరువు తప్ప నాకు వేరే పనీ తెలీదండి" అన్నాడు. తర్వాత ఇందుజ వైపు తిరిగాడు. "అమ్మా, ఆ పుల్ల ఫోనుకి తగులుతుందా అండి?"

"తగులుతుంది. చిన్న వైరుండాలి, నా సంచిలో ఉంది."

"నా దాంట్లో వేసిపెడతారా?"

వాడిది ఆండ్రాయిడ్ ఫోను, తెర మూల పగిలింది. అన్నింట్లోకీ అందులోనే తేలిగ్గా అయిపోయింది. ముందు డ్రైవరు దించింది, తర్వాత రేడియో ప్రోగ్రాము దించింది. పుల్ల తగిలించగానే, ఈ పరికరాన్ని వాడుకోనిస్తారా అని ఫోను ఒక్కసారి అడిగింది. బంగార్రాజు చదివించుకుని, తనే వేలు పెట్టి అవునన్నాడు. రంగులు జారడం మొదలైంది.

"ఇదంతా ఎందుకు బంగార్రాజూ? నాకింక నీ మీద అనుమానం లేదు" అన్నాను.

"మీకు లేదండి" అన్నాడు, ఎప్పటిలా మెత్తగానే. "నాకుందండి."

"ఒక్కోటీ నొక్కండి బాబుగారూ" అన్నాడు.

రిమోటు తీసి నాలుగు బటన్లూ వరసగా నొక్కాను. నొక్కినప్పుడల్లా గీత పడింది. వాడు ఇందుజను అడిగి ప్రతి కోడు కిందా నా పేరు రాయించుకున్నాడు. బుచ్చిబాబుగారు, బుచ్చిబాబుగారు, బుచ్చిబాబుగారు, బుచ్చిబాబుగారు.

"గారు తీసెయ్యమ్మా, ఒట్టి పేరు చాలు" అన్నాను ఇందుజతో.

"ఉండనివ్వండమ్మా" అన్నాడు బంగార్రాజు.